అర్థమయ్యే భాషలో

ఉప్పుగూడ, హైదరాబాద్
19 జనవరి 2025

అమలా, బిడ్డా,

కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు సగం వింటావు, సగం కూర కలుపుతావు. రాస్తే తప్పించుకోలేవు.

పోయిన ఆదివారం ఏమన్నావో గుర్తుందా? "మా స్వీడన్‌ల పేషెంటుకు భాష రాకపోతే ఆస్పత్రే దుబాసీని పెట్టాలె అత్తమ్మా" అన్నావు. మా స్వీడన్ అట! పోయి మూడేళ్ళు కాలేదు. ముసలివాళ్ళ హోంలో నర్సు పని దొరికిందో లేదో, ఇరవై రెండేళ్ళు ఆడవాళ్ళ వార్డు చేసిన మేనత్తకు పాఠాలు. సరే, ఇక్కడి సంగతి విను. రోత పుడితే ముక్కు మూసుకొని చదువు.

మలక్‌పేటలో మా ఆస్పత్రి నువ్వు చూసిందే. బాత్‌రూం పైపు పగిలి వారమైంది. ఆ నీళ్ళు వరండాలోకి వస్తుంటే, బాగుచేసేవాడు వచ్చి దాని మీద గోనెసంచి పరిచి పోయాడు. ఇప్పుడు వార్డంతా ఆ సంచి కంపు. అన్నం కలిపితే చేతికి ఫినాయిల్ వాసన, దాని కింద ఇంకో వాసన. నిన్న క్యాంటీన్ పప్పుచారులో బొద్దింక తేలింది. చూపిస్తే వడ్డించేవాడు "తీసి తినుర్రి మేడం, వేడి మీద చచ్చింది, ఏం గాదు" అన్నాడు.

మూడో నంబరు మంచం మీద ఒక ఒరియా పిల్ల ఉంది. పేరు సాబిత్రి. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. నగరం బయట ఇటుకబట్టీలో కూలి. రక్తం పోతుంటే బట్టీ లెక్కలు చూసే మున్షీ కైలాసం జీపులో తెచ్చి పడేశాడు. ఆపరేషన్ అయి నాలుగు రోజులు. తెలుగు రాదు, హిందీ నాలుగు ముక్కలు కూడా రావు. తినదు, పడుకోదు. ఒకటే మాట: "చూహా, చూహా."

మా ఆయా ఖైసర్ బేగం ముందు విన్నది. "ఆండాలక్కా, చూహా బోల్ రహీ! ఎలుకలకు భయపడ్తుంది పాపం." ఎలుకలు ఉన్నాయి, అబద్ధమెందుకు? మందుల బీరువా వెనక కాపురం పెట్టాయి. మంచం కింద బోను పెట్టించాను. మర్నాడు ఒకటి పడింది. తోక పట్టుకొని ఎత్తి చూపించాను. "ఇగో నీ చూహా. పట్టినం. ఇగ పండుకో" అన్నాను. ఆ పిల్ల గోడవైపు తిరిగి ఇంకా గట్టిగా ఏడ్చింది. మేమందరం నవ్వాం. తిక్కదేమో అనుకున్నాం.

నీతో పాటు స్వీడిష్ నేర్చుకున్న ఒరియా అమ్మాయి ఉందన్నావు కదా. భయం పోగొట్టే మాట ఏదైనా ఉంటే అడిగి రాయి. మంచం ఖాళీ చేయించమని పెద్ద డాక్టరమ్మ ఒకటే లొల్లి.

చలికి చెవులు కప్పుకో.
నీ అత్తమ్మ
ఆండాలు

వెస్తెరోస్, స్వీడన్
22 జనవరి 2025

అత్తమ్మా,

నీ బోను కథ బస్సులో చదివాను. నవ్వు ఆపుకోలేక పక్కనావిడకు సారీ చెప్పాను. ఇక్కడ బస్సులో నవ్వడం కూడా నేరం లాంటిదే.

ఒరియా అమ్మాయి పేరు లిపిక. వాళ్ళది కటక్. మేమిద్దరం ఏడాదిన్నర ఒకే బల్ల మీద కూర్చొని స్వీడిష్ నేర్చుకున్నాం. ఈ రెండు భాషల్నీ పోల్చి పోట్లాడుకోవడం అప్పట్లో మా కాలక్షేపం. ఒరియా మాట్లాడేవాళ్ళు మూడున్నర కోట్ల పైచిలుకు, స్వీడిష్ వాళ్ళు కోటి. కానీ లిపిక "ఒరియా" అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు. "అది హిందీలో ఒక రకమా?" అంటారు. లిపికకు ఒళ్ళు మండిపోతుంది. స్వీడిష్ ఈ దేశంలోనూ, పక్కన ఫిన్లాండ్ తీరంలోనూ మాట్లాడతారు. ఒరియా ఒడిశాలోనే కాదు, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అంచుల్లో, మన శ్రీకాకుళం పక్కన కూడా ఉంది. దాని అక్షరాలు మన వాటిలాగే గుండ్రంగా ఉంటాయి. తాటాకు చిరగకుండా రాయాలి కదా. స్వీడిష్ అక్షరాల నెత్తి మీద చుక్కలూ, సున్నాలూ. ఇక్కడ డాక్టరునైనా, మంత్రినైనా "నువ్వు" అనే పిలుస్తారు. ఒరియాలో తూ, తుమే, ఆపణ అని కింద నుంచి పైకి మూడు మెట్లు. ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో పుట్టగానే నేర్చుకుంటామంది లిపిక.

అసలు సంగతికి వస్తాను. ఎలుకను వాళ్ళు "మూసా" అంటారట. చూహా అనరు. ఆ పిల్లది పడమటి ఒడిశాలో బలంగీర్ వైపు అయితే, అది "ఛుఆ" అయి ఉంటుందంది. ఛుఆ అంటే చంటిబిడ్డ.

అత్తమ్మా, ఆమె బిడ్డను అడుగుతోంది. బట్టీలో వదిలి వచ్చిందేమో. తెప్పించి చూపించండి, ఏడుపు అదే ఆగుతుంది. చూశావా, ఇక్కడైతే ఒక్క ఫోన్ చేస్తే దుబాసీ లైన్‌లోకి వచ్చి మొదటి రోజే చెప్పేసేవాడు!

మామయ్యను అడిగానని చెప్పు.
అమల

ఉప్పుగూడ
26 జనవరి 2025

అమలా,

ఇవాళ ఆస్పత్రిలో జెండా ఎగరేశారు. లడ్డూ ఇచ్చారు. నేను తినలేదు.

నీ ఉత్తరం చూసి కైలాసానికి ఫోన్ చేశాను. ఆ పిల్ల బిడ్డను తెచ్చి చూపించవయ్యా అన్నాను. "బిడ్డేంది మేడం? పెండ్లయి ఏడాదే గదా. పిల్లలు గిల్లలు ఎవ్వలు లేరు. మూడు నెలల కడుపుతోని ఉండె, గంతే" అన్నాడు.

గంతే.

నేను మంచం దగ్గరికి పోయి "ఛుఆ?" అన్నాను. నువ్వు చెప్పినట్టే. ఆ పిల్ల లేచి కూర్చుంది. పది రోజుల్లో మొదటిసారి నా మొహంలోకి చూసింది. నా చెయ్యి పట్టుకొని తన పొట్ట మీద పెట్టుకుంది, కుట్ల మీద. కళ్ళతోనే అడుగుతోంది, ఉందా అని.

ఏం చెప్పను? కడుపే కాదు, గర్భసంచే లేదు అక్కడ.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పుకోలేనిది. ఆ రోజు పొద్దున్నే డ్యూటీ డాక్టరు చూసి, కడుపు నిలవదు, కడిగితే సరిపోతుంది అన్నాడు. పదకొండింటికి పెద్ద డాక్టరమ్మ వచ్చింది. "బట్టీ కూలోళ్ళు. మళ్ల చూపించుకోమంటే వస్తరా? మళ్ల రక్తం అంటరు, మళ్ల లొల్లి. సంచి తీసేస్తే ఒక్కసారితోని అయిపోతది" అంది. నేను పక్కనే ఉన్నాను. నాకు కొత్తగా అనిపించలేదు. ఆవిడ అలా అనడం అంతకు ముందు కూడా విన్నాను.

ఒప్పుదల కాగితం కింద ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది: "రోగికి అర్థమయ్యే భాషలో వివరించడమైనది." దాని కింద ఆ పిల్ల వేలిముద్ర వేయించారు. బంధువు అన్న చోట మున్షీ కైలాసం సంతకం. "చెప్పినవా?" అని అడిగితే "ఆ, చెప్పిన" అన్నాడు. ఏ భాషలో చెప్పాడని నేను అడగలేదు. సాక్షి అన్న చోట ఆండాలు అని రాసి, పెన్ను మూత పెట్టి, నాలుగో నంబరుకు సెలైన్ మార్చడానికి పోయాను.

బిడ్డ ఏదని అడిగిన దానికి ఎలుకను ఎత్తి చూపించాను బిడ్డా. తోక పట్టుకొని. ఆ తోక మెత్తగా, చల్లగా ఉండింది. అది రాత్రింబవళ్ళు నా వేళ్ళను వదలడం లేదు. సబ్బుతో కడిగాను, బూడిదతో కడిగాను. 

ఆండాలు

వెస్తెరోస్
27 జనవరి 2025

ఆండాలు గారికి,

మీ ఉత్తరం చేరింది.

మొదటి ఉత్తరంలో "ఆపరేషన్ అయింది" అని మాత్రమే రాశారు. ఏం ఆపరేషనో రాయలేదు. ఎలుక గురించి అంత వివరంగా రాసిన మీరు అది దాచిపెట్టారు. నన్ను నవ్వించారు. నేను బస్సులో నవ్వాను. అది తలుచుకుంటే నాకు నా మీదే అసహ్యం వేస్తోంది.

ఇక్కడ కొత్తలో నాకు పన్ను పీకినప్పుడు, తెలుగు దుబాసీ ఫోన్‌లోకి వచ్చేదాకా డాక్టరు పట్టకారు ముట్టుకోలేదు. ఒక్క పన్ను కోసం. మీరు ఒక ఆడమనిషి గర్భసంచికి సాక్షి సంతకం పెట్టి సెలైన్ మార్చడానికి పోయారు.

లిపికకు చెప్పాను.  ఆ పిల్లకు నిజం ఎవరైనా చెప్పారా అని అడిగింది. చెప్పకపోతే తనే చెప్తానంటోంది. గురువారం మీకు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేస్తుంది. ఎత్తడం, ఎత్తకపోవడం మీ ఇష్టం.

అమల

ఉప్పుగూడ
31 జనవరి 2025

అమలా,

నన్ను "గారు" అన్నావు. నిన్ను ఎత్తుకొని లాల్‌దర్వాజ బోనాల్లో తిప్పిన దాన్ని. అను. దానికి నేను తగినదాన్నే. కానీ దాచానన్నావు చూడు, అది మాత్రం తప్పు. దాచాలంటే, అది దాచవలసిన సంగతి అని తెలియాలి కదా! నాకు అది రాయవలసిన సంగతి అనే అనిపించలేదు. ఎలుక పెద్దదనిపించింది, గర్భసంచి చిన్నదనిపించింది. దాచిన దానికంటే ఇది రోత. తిట్టదలుచుకుంటే దీనికి తిట్టు.

ఫోన్ ఎత్తాను. ఏం జరిగిందో లిపిక చెప్పే ఉంటుంది, కానీ ఆ పిల్ల మొహం ఆమెకు కనబడలేదు.

ఖైసర్ బేగం తలుపు దగ్గర నిలబడింది. "ఎవ్వరొచ్చినా బెడ్‌ప్యాన్ ఉందని చెప్త, నువ్వు కానీ అక్కా" అంది. ఫోన్ దిండు మీద పెట్టాను. లిపిక మాట్లాడుతోంది. సాబిత్రికి మొదట ఏమీ ఎక్కలేదు. తలుపుచాటు నుంచి టీచరమ్మను చూసినట్టు ఫోన్‌ను చూసింది. లిపిక ఆగింది. మళ్ళీ నెమ్మదిగా, చిన్న చిన్న మాటలతో మొదలుపెట్టింది. ఈసారి ఎక్కింది. ఎక్కిన క్షణం నాకు తెలిసింది. ఆ పిల్ల దుప్పటిని గడ్డం దాకా లాక్కుంది.

ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.  నేనే హిందీలో అడిగాను, ఏమంటోంది అని.

"దాన్ని ఎక్కడ పడేశారు అని అడుగుతోంది" అంది లిపిక.

పసుపు సంచిలో. ఆపరేషన్ థియేటర్ నుంచి రోజూ పోయే పసుపు సంచిలో, దూదితో, గుడ్డలతో కలిపి. పొద్దున బండి వచ్చి పట్టుకుపోతుంది. కాల్చి మసి చేస్తారు. అంతా చెప్పాను. లిపిక దాన్ని ఒరియాలో చెప్పింది. ఎలా చెప్పిందో, ఏ మాటలతో చెప్పిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

సాయంత్రం డిశ్చార్జి కాగితం తెచ్చారు. ఇన్‌చార్జి సిస్టర్ ఇంకు డబ్బా మూత తీసి, ఆ పిల్ల బొటనవేలు పట్టుకుంది. సాబిత్రి చెయ్యి లాక్కొని తొడ కింద పెట్టుకొని కూర్చుంది. సిస్టర్ గుంజింది. "ఏందే నీ నకరాలు? వెయ్యి!" అంది.

"చెయ్యి ఇడువుర్రి సిస్టర్. గా కాయితంల ఏమున్నదో చెప్పకుంటే ఎయ్యదు" అన్నాను.

"నీకెందుకు ఆండాలూ?"

"ముందు కాయితం మీద సాక్షిని నేనే గదా."

 మళ్ళీ లిపికకు ఫోన్ చేశాను. ప్రతి వాక్యం నేను హిందీలో చెప్పాను, ఆమె ఒరియాలో చెప్పింది. గంట పట్టింది. అంతా విని సాబిత్రి తల అడ్డంగా ఊపింది. వేలిముద్ర వేయలేదు. వాళ్ళాయన బట్టీ నుంచి సెలవు దొరక్క ఇవాళ గాని రాలేదు. ముద్ర లేకుండానే పంపించారు. ఇద్దర్నీ నేనే ఆటోలో సికింద్రాబాద్ తీసుకుపోయి వాళ్ళ ఊరివైపు రైలెక్కించాను. వాళ్ళ దగ్గర నా నంబరు ఉంది.

లిపికకు నా దండాలు చెప్పు. నువ్వు రాయకపోయినా సరే.

ఆండాలు

వెస్తెరోస్
11 ఫిబ్రవరి 2025

అత్తమ్మా,

"గారు" వెనక్కి తీసుకుంటున్నాను. రాయడానికి పది రోజులు ఎందుకు పట్టిందో చెప్తాను.

ముందు లిపిక మాట. ఆ ఫోన్ తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "మొదట ఆమె మాట విని నాకు ఏమనిపించిందో తెలుసా? ఛీ, ఇది ఒరియానా అనిపించింది. పల్లెయాస. మా ఇంట్లో వాళ్ళను వెక్కిరించేవాళ్ళం" అంది. అందుకే మొదట పుస్తకం భాషలో మాట్లాడిందట, తెలియకుండానే. సాబిత్రిని "తూ" అని మొదలుపెట్టి, పసుపు సంచి దగ్గరికి వచ్చేసరికి "ఆపణ" అందట. "నాకంటే చిన్నది, కూలి మనిషి. కానీ ఇంకో మెట్టు మీద నిలబెట్టి ఆ మాట చెప్పలేకపోయాను" అంది. కాలేజీలో మన యాస విని నన్ను చూసి నవ్వినవాళ్ళు గుర్తుకొచ్చారు. 

ఇప్పుడు నా సంగతి. మా హోంలో ఐలి అని ఒక ముసలావిడ ఉంది. ఎనభై ఎనిమిదేళ్ళు. మతిమరుపు జబ్బు. రోజంతా "వెత్తా, వెత్తా" అంటుంది. స్వీడిష్‌లో "వేత" అంటే తెలుసుకోవడం. అందుకని మేం "ఏం తెలుసుకోవాలి బామ్మా?" అని అడిగి నవ్వేవాళ్ళం. రిపోర్టులో "అశాంతిగా ఉంది, పొంతన లేకుండా మాట్లాడుతోంది" అని రాసేదాన్ని. నేనే, అత్తమ్మా, నా చేత్తో, నవంబరు నుంచి.

నీ మూడో ఉత్తరం చదివాక ఆ మాట నా చెవిలో వేరేగా వినిపించడం మొదలైంది. మా దగ్గర ఊడ్చే ఆవిడ తల్లిదండ్రులది ఫిన్లాండ్. ఆమెను లోపలికి పిలిచి వినమన్నాను. విని నా వైపు విచిత్రంగా చూసి, "నీళ్ళు అడుగుతోంది. అది ఫిన్నిష్" అంది.

ఐలి పద్దెనిమిదేళ్ళకు ఫ్యాక్టరీ పనికి ఇక్కడికి వచ్చిందట. తర్వాత నేర్చుకున్న స్వీడిష్ జబ్బుతో పోయింది, తల్లి నేర్పింది మిగిలింది. మూడు నెలలుగా నీళ్ళు అడుగుతోంది. మేం వేళకు గ్లాసు ఇస్తూనే ఉన్నాం, కానీ అడిగినప్పుడు ఒక్కసారి కూడా ఇవ్వలేదు. నవ్వాం. పెదాలు పగిలి రక్తం వస్తే మందు రాశాం. తనను చూసుకోవడానికి ఫిన్నిష్ మాట్లాడే మనిషిని అడిగే హక్కు ఈ ఊళ్ళో ఆమెకు ఉంది. ఆ సంగతి మా వరండా గోడ మీద ఫ్రేము కట్టి ఉంది. దాని కిందనే నేను రోజూ చేతులు కడుక్కుంటాను.

ఫిన్లాండ్‌లో స్వీడిష్ వాళ్ళకు బోర్డుల మీద కూడా వాళ్ళ భాష ఉంటుందని నీకు గొప్పగా చెప్పబోయాను ఒకసారి. ఇవతల ఒడ్డున ఫిన్నిష్ గొణుగుడు అయిపోయింది, నర్సు చదువు చదివిన నా పక్కనే. నీకు నీతి చెప్పిన రోజు కూడా నా డ్యూటీలో ఐలి నీళ్ళు అడిగింది. లెక్క చూసుకున్నాను. అవును, ఆ రోజు కూడా.

మేనేజరుకు చెప్పాను. ఆమె "అయ్యో, పాపం" అంది. రిపోర్టులు మాత్రం మార్చనవసరం లేదంది. నేను పాత రిపోర్టులన్నిటి కింద, "ఇది తప్పు, ఆమె ఫిన్నిష్‌లో మాట్లాడుతోంది, నేను గమనించలేదు" అని తేదీ వేసి రాశాను. ఇప్పుడు నాతో కాఫీ తాగేవాళ్ళు తగ్గారు.

నువ్వేం చేయబోతున్నావు?

నీ అమల

ఉప్పుగూడ
23 మార్చి 2025

అమలా, బిడ్డా,

నీ ఉత్తరం మామయ్యకు చదివి వినిపించాను. "అత్తాకోడండ్లు ఇద్దరు ఇద్దరే" అన్నాడు. తిట్టో మెప్పో అడగలేదు.

నువ్వు అడిగిన దానికి జవాబు. ఫిబ్రవరి చివర్లో పై ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాను. తెలుగులో, నా దస్తూరితో, రెండు పేజీలు. డాక్టరమ్మ అన్న మాటలూ, నేను పెట్టిన సంతకమూ, అన్నీ. లిపిక ఫోన్‌లో అడిగితే సాబిత్రి సరేనన్నదట. ఆమె పేరుతో కూడా ఒక కాగితం ఒరియాలో రాయించి వాళ్ళ ఊరినుంచే పంపారు. అది ఇక్కడి ఆఫీసులో చదివేవాళ్ళు లేక వారం బల్ల మీదే పడి ఉంది. నవ్వాలా, ఉమ్మాలా?

విచారణకు పిలిచారు. గదిలో ముగ్గురు కూర్చున్నారు. సమోసాలు తింటున్నారు, కాగితాలకు నూనె మరకలు. ఒకాయన అడిగాడు:

"నీకు ఒరియా వస్తదా?"

"రాదు సార్."

"మరి అర్థమయ్యే భాషల చెప్పినమని సాక్షి సంతకం ఎట్ల పెట్టినవ్?"

"అడిగేటోళ్ళు ఎవ్వరు లేరని పెట్టిన సార్."

ఆయన మూతి తుడుచుకున్నాడు. "గిట్ల రాస్తే నీ మీదికే వస్తది, తెలుసా?"

"రానియ్యిర్రి. నా మీదికి రావాల్సింది నా మీదికి రానియ్యిర్రి. డాక్టరమ్మ మీదికి పోవాల్సింది గటు పోనియ్యిర్రి."

నా మీదికి ముందు వచ్చింది. ఉద్యోగం పోయింది. డాక్టరమ్మ అక్కడే ఉంది, విచారణ ఇంకా "నడుస్తోంది." ఆస్పత్రి ముందర కొత్త బోర్డు పెట్టారట, "అన్ని భాషలవారికీ సహాయం కలదు" అని. ఖైసర్ బేగం చూసి వచ్చి చెప్పింది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషులో రాశారట. చదవగలిగేవాళ్ళకు అక్కర్లేదు, అక్కర ఉన్నవాళ్ళు చదవలేరు. ఆమె నాతో మాట్లాడుతోందని ఆమెను మగవాళ్ళ వార్డుకు మార్చారు. మిగిలిన సిస్టర్లు సంతోష్‌నగర్ కూరగాయల దగ్గర ఎదురైతే బెండకాయల్లోకి తల దించేస్తున్నారు. ఇరవై రెండేళ్ళు ఒకే డబ్బాలో అన్నం తిన్నాం. ఛీ అనిపిస్తుంది. మళ్ళీ, వాళ్ళ చోట ఉంటే నేనూ బెండకాయలే ఏరేదాన్ని కదా అనిపించి, ఆ ఛీ నా మీదికే తిరుగుతుంది.

పశ్చాత్తాపం వల్ల మనసు తేలికపడుతుందంటారు. పడలేదు బిడ్డా. పడకూడదు కూడా.

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఎత్తితే సాబిత్రి. గొంతు గుర్తుపట్టాను. మాట్లాడింది. పదకొండు నిమిషాలు మాట్లాడింది. మధ్యలో గొంతు పెద్దదైంది, ఒకసారి ఎవరినో కసిరింది, ఒకసారి చాలాసేపు ఊరుకుంది. వెనక మేకల చప్పుడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లిపికను లైన్‌లోకి తెద్దామంటే, మధ్యలో ఆపాలనిపించలేదు. వింటూ కూర్చున్నాను. అర్థమైనట్టు ఒక్కసారి కూడా "ఆ" అనలేదు.

మామయ్య ఫోన్‌లో అంతా రికార్డు చేశాడు. దీనితో పాటు పంపుతున్నాను. లిపికకు వినిపించి, ఏమందో మాట మాటా రాయించు. నన్ను తిట్టి ఉంటే తిట్టినట్టే రాయమను. ఏ మెట్టు మీద నిలబెట్టి తిట్టిందో అది కూడా రాయమను.

నీ అత్తమ్మ
ఆండాలు